గీత తొక్కావే!

"గీత తొక్కావే!" "తొక్కలా!" "తొక్కావ్, నే చూశా!" బడి వదిలాక ప్రకాశం పల్లెల్లో తొక్కుడుబిళ్ల ఆడేచోట కాసేపు నిలబడండి. గెంతడం కొంచెం, వాదన బోలెడు. ఒకతె వేలు గీత మీదికి చూపుతుంది, ఇంకోతె నడుం మీద చెయ్యేసుకుని గొంతు పెంచుతుంది. దారిన పోయే పెద్దలు "ఆడపిల్లలకి ఆ నోళ్లేందే!" అని కసురుతారు. నాకు ఆ కసురు మీదే కోపం.

నియమాల పట్టింపు మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో తక్కువని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే 1932లోనే రాసేశాడు. గోలీలాడే మగపిల్లల్ని చూసినంత శ్రద్ధగా ఆయన ఆడపిల్లల ఆటల్ని చూడలేదు. అమెరికా పరిశోధకురాలు మార్జొరీ గుడ్విన్ చూశారు. ఏళ్ల తరబడి ఆటస్థలాల్లో పిల్లల మాటల్ని రికార్డు చేసి, 2006లో పుస్తకం తెచ్చారు. "ఔట్" అన్న అరుపు, చాచిన వేలు, తప్పడుగు ఎక్కడ పడిందో తిరిగి వేసి చూపడం: తొక్కుడుబిళ్ల తగాదాలో ఇవే సాక్ష్యాలు. ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు తగ్గాలో ఆ గళ్ల దగ్గరే తేలుతుంది.

అదే పుస్తకంలో, జట్టు వెంటబడి తిరిగే ఒక పిల్లని మిగతావాళ్లు మాటలతోనే దూరం పెట్టడమూ ఉంది. అలాంటి పిల్లలు మన దగ్గరా ఉన్నారు. మిరప కోతలకి ఆదోని వైపు నుంచి గుంటూరు, పల్నాడు చేలకి కుటుంబాలకి కుటుంబాలే వలస వస్తాయి. వెంట వచ్చిన పిల్ల "ఏంటికి?" అని అడిగితే, ఆ యాసనే తిరిగి పలికి నవ్వేవాళ్లుంటారు. ఆ నవ్వుతో తాము ఈ ఊరివాళ్లమని చాటుకుంటారు. ఇది సరదా అని నేను వదిలెయ్యలేను. పెద్దలు కలగజేసుకోవాల్సింది ఇక్కడ. ఆట మొదట్లో పంటలేసేటప్పుడు ఆ పిల్ల చెయ్యి కూడా పడేట్టు టీచరు చూడాలి. గీత మీద తగువంటారా, అది వాళ్లే తేల్చుకుంటారు, తేల్చుకోనివ్వాలి.

ఎందుకింత పట్టుదల అంటే, కాయకోతకి కిలోల లెక్కన కూలి ఇచ్చే చేలల్లో కోసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కాటా దగ్గర తూకం తేడాగా అనిపిస్తే "మళ్లీ వెయ్యి, నే చూస్తా" అని మేస్త్రి మొహం మీదే అనాలి. పదేళ్లప్పుడు నోరు నొక్కించుకున్న పిల్లకి ముప్పయ్యేళ్లొచ్చాక ఆ మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?