వండి యుంచిన పుట

పరీక్షాఫలితముల దినమున వెబ్‌సైటు తెఱచి, తిరుగు చక్రమును జూచుచు గూర్చుండని తల్లి యుండదు. మేమును గూర్చుంటిమి. సర్వరు చెడినదని మా యింట నందఱు ననిరి. చెడలేదు, పాపము! అడిగిన ప్రతివారికిని అది డేటాబేసును వెదకి, పుటను క్రొత్తగా వండి వడ్డించుచున్నది. లక్షమంది యడిగిన లక్ష వంటలు.

ఒకమారు వెదకిన దానిని మెమరీలో నిలువయుంచి, మరల నడిగినవారికి దానినే యిచ్చుటను క్యాషింగ్ అందురు. ఇందులకే 2003లో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ లైవ్‌జర్నల్ కొఱకు మెమ్‌క్యాష్‌డ్‌ను నిర్మించెను. వార్తలపుటను ఒక్క నిమిషము నిలువయుంచిన జాలును; ఆ నిమిషములో వేయిమంది వచ్చినను వంట యొక్కటియే. ఫలితములన్ననో ప్రకటించిన పిదప నరుదుగా గాని మాఱవు. ముందునాటి రాత్రియే సంఖ్యకొక పుటను జేసి యుంచవచ్చును గదా!

అయినను అన్నియు నిలువకు దగవు. ఒక దుకాణపు సైటున మేము మా పేరుతో లోనికి బోగా, వేఱొక యిల్లాలి చిరునామా, ఫోను సంఖ్య కనబడినవి. ఎవరి యేమఱుపాటుననో ఆమె పుట యందఱి గిన్నెలో బడినది. మాది యెవరి కంట బడెనో! అట్టి పుటలను 'ప్రైవేటు' అను గుర్తుతో బంపినచో, నడుమనున్న నిలువ సర్వర్లు వానిని దాచుకొనవు. ఆ గుర్తు వేయుట కొక్క పంక్తి చాలును.