తెగులుకు గట్టు అడ్డము కాదు



తన తోటను తాను శుభ్రముగా ఉంచుకొనిన చాలును, తెగులు రాదని మనలో పలువురు తలచుచున్నారు. పురుగులు మోసుకొని వచ్చు తెగుళ్ళకు ఇది చాలదు. అమెరికాలోని కాలిఫోర్నియా ద్రాక్ష రైతుల అనుభవమే ఇందుకు సాక్ష్యము.

అచ్చట ద్రాక్షకు 'పియర్సు తెగులు' వచ్చును. న్యూటన్ పియర్సు అను శాస్త్రజ్ఞుడు 1892లో దీనిని వర్ణించెను. ఒక సూక్ష్మజీవి చేరి, తీగలో నీరు ఎక్కు నాళములను మూసివేయును. ఆకుల అంచులు కాలినట్లు ఎండును. కొన్ని ఏండ్లలో తీగ చచ్చును. తోటలో దీనిని కుదుర్చు మందు లేదు.

నాపా లోయ వంటి చోట్ల వాగుల ఒడ్డునుండు చిన్న పురుగులు దీనిని తెచ్చును. కాబట్టి నష్టము ఎక్కువగా తోట అంచులలోనే ఉండెడిది. 1990 ప్రాంతమున అర అంగుళము పొడవు గల ఒక పెద్ద దీపపు పురుగు దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడెను. ఇది దూరము ఎగురును. కొమ్మ మొదలులో సైతము రసము పీల్చును. అందుచే కత్తిరింపుతో తెగులు పోక, తీగ నుండి తీగకు ప్రాకెను. టెమెక్యులా లోయలో తోటలకు తోటలే ఎండినవి.

ఈ పురుగు చలికాలము గడపినది ప్రక్కనున్న నారింజ, నిమ్మ తోటలలో! ఆ చెట్లకు ఈ తెగులు సోకదు. మరి ఆ రైతు మందు ఖర్చు ఎందుకు పెట్టుకొనవలెను? న్యాయమైన ప్రశ్నయే. అందుకే 2000లో ప్రభుత్వ నిధులతో నారింజ తోటలకు మందు వేసిరి. పురుగు తగ్గెను. ద్రాక్ష రైతులు జబ్బు తీగలను పెరికివేసిరి.

అదే 2000లో మన అనంతపురం జిల్లాలో కాండము కుళ్ళు వైరస్ తెగులు రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను పట్టుకొనెను. వైరస్ ఉన్నది వయ్యారిభామ పుప్పొడిలో. దానిని పైరులోనికి చేర్చినవి తామరపురుగులు. ఆ కలుపు పెరుగునది గట్లపైన, బాటల వెంట, బీళ్ళలో. ఒక్క రైతు తన గట్టు చెక్కుకొనిన ఏమి లాభము?

కావున నా మనవి ఇది. పూత రాకముందే ఊరంతయు కలిసి ఒకే వారములో వయ్యారిభామను పెరికివేయవలెను. బాటల వెంటను, యజమాని ఊర లేని బీళ్ళలోను పనికి కూలిని పంచాయతీ భరించుట న్యాయము. చేని చుట్టు జొన్న గాని సజ్జ గాని నాలుగు వరుసలు దట్టముగా విత్తుడు. ఇల్లలకగానే పండుగ కాదు. ఈ పని ఏటేట జరుగవలెను.

పురుగుకు సర్వే నంబర్లు తెలియవు. పొరుగువాని గట్టును సైతము మన గట్టుగా చూచుకొనుడు.