ఏ జెర్సీ వేసుకుంటారో అడిగారా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి ఎటు నడిచినా కోచింగ్ బోర్డులే. ర్యాంకులు, ప్యాకేజీలు. ఫలానా కాలేజీలో చేరితే ఏ యూనివర్సిటీ తరఫున ఆడతారో మాత్రం ఏ బోర్డూ చెప్పదు. రోజూ సాయంత్రం సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియానికి వెళ్లే ఇంటర్ విద్యార్థి మీరైతే, వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

అమెరికాలో కాలేజీ జట్లు కాన్ఫరెన్స్ అనే లీగుల్లో ఆడతాయి. 2024లో లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ, యూఎస్‌సీ పసిఫిక్ తీరపు పాత లీగు వదిలేసి బిగ్ టెన్‌లో చేరాయి. పేరులో పది ఉన్నా, ఇప్పుడందులో ఉన్నవి 18 యూనివర్సిటీలు! అసలు కారణం ఫుట్‌బాల్‌కు వచ్చే టీవీ డబ్బు. దాని కోసం వాలీబాల్ ఆడే అమ్మాయిలు కూడా న్యూజెర్సీ దాకా విమానమెక్కాలి. వాళ్లనెవరు అడిగారు?

మన దగ్గర టీవీ డబ్బు లేదు గానీ గూడు మారడం ఉంది. 2020లో తెలంగాణలో ఐదు ప్రైవేటు యూనివర్సిటీలు వచ్చాయి. వాటిలో అనురాగ్, ఎస్ఆర్ అంతకుముందు జేఎన్టీయూ హైదరాబాద్ కింద నడిచిన కాలేజీలే. కాలేజీ అటానమస్ అయితే జెర్సీ మారదు, డిగ్రీ పాత యూనివర్సిటీదే. యూనివర్సిటీ అయితేనే అంతా మారుతుంది. సాధారణంగా పాత బ్యాచ్‌లు పాత గూటిలోనే ఉంటాయి కాబట్టి, ఒకే గ్రౌండ్‌లో చెమటోడ్చే సీనియర్, జూనియర్ ఒకే జట్టులో ఆడలేని పరిస్థితి రావచ్చు.

అనుబంధ కాలేజీలో ఉంటే ముందు ఇంటర్ కాలేజ్ టోర్నీ ఆడాలి. అక్కడ మెరిస్తే యూనివర్సిటీ జట్టు, ఆ తర్వాత భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) నడిపే సౌత్ జోన్ పోటీలు. జట్టులో చోటు కోసం ఎన్నో కాలేజీల వాళ్లతో తలపడాలి. కొత్త ప్రైవేటు యూనివర్సిటీలో పోటీ మీ క్యాంపస్ వరకే. చోటు సులువు. ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్‌కు కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల్లో విలువుంది కాబట్టి ఇది చిన్న లాభమేం కాదు.

కానీ మ్యాచ్‌లేవి? ఇంటర్ కాలేజ్ సీజన్ ఉండదు. సౌత్ జోన్‌లో తొలి నాకౌట్‌లో ఓడితే ఆ ఏడాదికి అంతే. పైగా ఎల్బీనగర్ నుంచి ఘట్‌కేసర్ వైపు రోజూ బస్సులో వెళ్లొస్తే సాయంత్రం ప్రాక్టీస్‌కు ఒంట్లో ఓపికెక్కడిది?

నన్నడిగితే, నిజంగా ఆట ఎదగాలనుకునేవాళ్లకు మ్యాచ్‌లు ఎక్కువ దొరికే చోటే మంచిది. సర్టిఫికెట్టే కావాలనుకుంటే కొత్త యూనివర్సిటీ చూసుకోండి, అందులో తప్పేం లేదు. ఏదైనా సరే, ఫీజు కట్టకముందే ప్లేస్‌మెంట్ సెల్‌తో పాటు ఫిజికల్ డైరెక్టర్ గదికీ ఒకసారి వెళ్లండి. ఏఐయూ సభ్యత్వం ఉందా, పోయినేడాది మీ ఆటలో జట్టును పంపారా, మీ నాలుగేళ్లలో కాలేజీ యూనివర్సిటీగా మారే ఆలోచన ఉందా అని అడగండి. అసలా గదికి తాళం వేసి ఉంటే, జవాబు దొరికినట్టే.