పిల్లాడు ఇంటికా, హోంకా? ఆ రిపోర్టు రాసే సోషల్ వర్కర్ ఎలా తయారవుతారు?

సికింద్రాబాద్ స్టేషన్‌లో పదకొండేళ్ల పిల్లాడు ఒంటరిగా తిరుగుతూ మీ కంట పడ్డాడనుకోండి. మీరు 1098కి ఫోన్ చేస్తారు. సిబ్బంది వచ్చి పిల్లాణ్ని తీసుకెళ్తారు. మీ రైలు మీరు ఎక్కేస్తారు. పిల్లాడి సంగతి మాత్రం అప్పుడే మొదలవుతుంది.

జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో ఆ పిల్లాణ్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీ సామాజిక విచారణకు ఆదేశిస్తుంది. అది 15 రోజుల్లో పూర్తి కావాలి. అంటే సోషల్ వర్కరో, బాలల సంక్షేమ అధికారో పిల్లాడి ఇంటికి వెళ్లాలి. అమ్మానాన్నలతో, ఇరుగుపొరుగుతో, స్కూల్లో టీచర్‌తో మాట్లాడాలి. తర్వాత రిపోర్టు రాయాలి. దానికి ఫారం 22 అని ఒక నమూనా కూడా ఉంది. పిల్లాడు ఇంటికి వెళ్లాలా, హోంలో ఉండాలా అన్నది చాలావరకు ఆ కాగితాల మీదే ఆధారపడుతుంది.

ఆ కాగితాలు రాసే మనిషికి ఎవరు, ఎలా శిక్షణ ఇస్తున్నారు? బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్, అంటే బీఎస్‌డబ్ల్యూ చదువులో అసలు ఏం జరగాలి? మీ ఇంట్లో ఎవరూ ఆ కోర్సు చదవకపోయినా ఇది మీకు ఎందుకు అవసరం?

ఒకే ఇల్లు, రెండు రిపోర్టులు

మన ఉదాహరణలోని పిల్లాడి ఇంటికి ఇద్దరు వేర్వేరుగా వెళ్లారనుకుందాం.

మొదటి రిపోర్టు ఇలా ఉంది: "తండ్రి తాగుతాడు. కుటుంబం పేదది. తల్లి సహకరించలేదు. పిల్లాడికి చదువు మీద శ్రద్ధ లేదు. హోంలో ఉంచడం మంచిది."

రెండో మనిషి ఆ ఇంటికి రెండుసార్లు వెళ్లారు. పగలు ఒకసారి, తల్లి పని నుంచి వచ్చాక సాయంత్రం ఒకసారి. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది, పగలు ఒక గంట కూర్చుంటే ఒక ఇల్లు పోతుంది. తండ్రి తాగే మాట నిజమే. కానీ పిల్లాడు రోజూ రాత్రి పడుకునేది రెండు వీధుల అవతల అమ్మమ్మ దగ్గర. ఇల్లు వదిలి వెళ్లిన రోజున స్కూల్లో పెద్ద పిల్లలు కొట్టారని టీచర్ చెప్పారు. ఈ రిపోర్టు చివర సిఫారసు వేరేగా ఉంది: అమ్మమ్మ దగ్గరికి పంపాలి, స్కూలు మార్చాలి, నెలనెలా వెళ్లి చూసి రావాలి.

సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం కావాలని చట్టమే చెబుతోంది. కానీ అమ్మమ్మ ఉందన్న సంగతి రిపోర్టులోకి రాకపోతే, కమిటీ ముందు ఆ మార్గమే ఉండదు.

మొదటి మనిషి చెడ్డవారేమీ కాదు. పేదలంటే ప్రేమ ఉండే ఉంటుంది. వారికి లేనిది శిక్షణ: ఏ వేళకు వెళ్లాలి, ఎవరిని అడగాలి, చూసినదాన్నీ ఊహించినదాన్నీ ఎలా విడదీయాలి అన్నది.

‘సంఘ సేవకులు’, సోషల్ వర్కర్ ఒకటేనా?

మన దగ్గర ప్రతి కూడలిలో ఫ్లెక్సీల మీద ‘ప్రముఖ సంఘ సేవకులు’ కనిపిస్తారు. అన్నదానం చేసేవారు, రక్తదాన శిబిరాలు పెట్టేవారు మంచి పనే చేస్తున్నారు. సోషల్ వర్క్ అనే వృత్తి వేరు. భారత్‌లో దాని చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. అప్పుడు ప్రారంభమైన సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూలే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్.

ఈ తేడా చట్టాల్లో కూడా స్పష్టంగా లేదు. చట్టంతో ఘర్షణ పడిన పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు ‘సోషల్ వర్కర్లు’ ఉండాలి. వారికి పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో ఏడేళ్ల అనుభవం ఉండాలి. లేదంటే చైల్డ్ సైకాలజీ, సైకియాట్రీ, సోషియాలజీ, లా డిగ్రీల్లో ఒకటి ఉండి ప్రాక్టీసు చేస్తుండాలి. ఆ జాబితాలో సోషల్ వర్క్ డిగ్రీ పేరే లేదు. బాలల సంక్షేమ కమిటీ సభ్యుల అర్హతల్లో మాత్రం ఉంది.

డిగ్రీలో ఏం చదువుతారు?

క్లాసులో సోషియాలజీ, సైకాలజీ, మనిషి ఎదుగుదల దశలు, సంక్షేమ చట్టాలు ఉంటాయి. వ్యక్తితో పని చేయడం, బృందంతో పని చేయడం, బస్తీని కూడగట్టడం లాంటి పద్ధతులు ఉంటాయి. వీటితో పాటు ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. చాలా కాలేజీల్లో వారానికి రెండు రోజులు విద్యార్థులు ఆస్పత్రి, బస్తీ, స్కూలు, హోం, స్వచ్ఛంద సంస్థల్లో ఏదో ఒకచోట పని చేస్తారు. గ్రామీణ క్యాంపులూ ఉంటాయి. ఇగ్నో దూరవిద్యలో ఇచ్చే బీఎస్‌డబ్ల్యూలోనూ ఫీల్డ్‌వర్క్ ఉంది.

అక్కడ నేర్చుకోవాల్సినవి పైకి చిన్నవిగానే కనిపిస్తాయి.

అడగడం. "మీ ఆయన కొడతాడా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే, పక్కింటివాళ్లు వింటుండగా ఏ ఇల్లాలూ నిజం చెప్పదు. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదీ చదువులో భాగమే.

రాయడం. ‘తల్లి కోపంగా ఉంది’ అనేది మన అభిప్రాయం. ‘నాలుగు ప్రశ్నలు అడిగితే మూడింటికి తల్లి జవాబివ్వలేదు’ అనేది చూసిన విషయం. మొదటిది మాత్రమే రాస్తే, చదివేవారు దాన్నే నిజమనుకుంటారు.

మాట ఇవ్వకపోవడం. ఓ పాప "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతా" అంటుంది. పంతొమ్మిదేళ్ల విద్యార్థి ప్రేమతో "చెప్పనులే" అనేస్తారు. ఆ పాప చెప్పింది లైంగిక వేధింపు గురించైతే, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. అప్పుడు ఇచ్చిన మాట తప్పాలి, లేదా చట్టం తప్పాలి. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం, సాయం చేయగలిగినవాళ్లకు చెప్పాల్సి వస్తుంది" అని ముందే చెప్పడం నేర్పాలి. ఇది పుస్తకంలో ఒక వాక్యం. పాప కళ్లలోకి చూస్తూ అనడానికి సాధన కావాలి.

ఫోన్ జేబులో పెట్టుకోవడం. హోంలో పిల్లలతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టడం అభిమానమే కావచ్చు. కానీ రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు.

అసలు కీలకం సూపర్‌విజన్

విద్యార్థిని బస్తీకి పంపితే శిక్షణ అయిపోదు. తిరిగొచ్చాక ఏం జరిగిందో కూర్చోబెట్టి అడిగేవారు ఉండాలి. పద్ధతి ప్రకారం ఇద్దరు చూడాలి: కాలేజీలో అధ్యాపకులు ఒకరు, పని చేసే సంస్థలో అనుభవం ఉన్నవారు ఒకరు. విద్యార్థి ప్రతి సందర్శన గురించీ రాస్తారు. వారానికోసారి దాని మీద చర్చ జరగాలి.

ఆ చర్చలోనే "తల్లి సహకరించలేదు" అన్న వాక్యం దొరికిపోతుంది. "ఎన్నింటికి వెళ్లావు?" అని టీచర్ అడుగుతారు. "పదకొండింటికి." "అప్పుడు ఆవిడ ఎక్కడ ఉంటుంది?" ఈ రెండు ప్రశ్నలు చాలు, వచ్చేవారం ఆ విద్యార్థి సాయంత్రం వెళ్తారు. అడిగేవారు లేకపోతే అదే తప్పు అలవాటుగా మారి, ఉద్యోగంలోనూ కొనసాగుతుంది.

రెండో ప్రయోజనం విద్యార్థికే. ఇంకా ఇరవై నిండని పిల్లలు హింస గురించి, చావుల గురించి వింటారు. ఇంటికెళ్లి అన్నం తినలేని రోజులుంటాయి. గోప్యత కారణంగా ఆ మాటలు స్నేహితులకు చెప్పుకోలేరు. సూపర్‌వైజర్‌కు చెప్పుకోవచ్చు.

ఆచరణలో దెబ్బతినేది కూడా ఇక్కడే. సంస్థలో సూపర్‌వైజర్‌కు సొంత పనే తలకు మించి ఉంటుంది. విద్యార్థికి సమయం ఇచ్చినందుకు చాలాచోట్ల ప్రత్యేకంగా ఏమీ ఇవ్వరు. అలాంటప్పుడు విద్యార్థి రిజిస్టర్లు నింపడానికో, కార్యక్రమాల్లో కుర్చీలు వేయడానికో పరిమితమవుతారు. హాజరు పడుతుంది, మార్కులూ వస్తాయి.

దీన్ని ఎవరు పర్యవేక్షిస్తారు?

నర్సులకు చట్టబద్ధ నియంత్రణ సంస్థ ఉంది. లాయర్లకు బార్ కౌన్సిల్ ఉంది. సోషల్ వర్కర్లందరికీ వర్తించే అలాంటి చట్టబద్ధ మండలి మన దేశంలో లేదు. కాబట్టి ఎంత ఫీల్డ్‌వర్క్ చేయించారు, ఎవరు చూశారు అన్నది ప్రధానంగా యూనివర్సిటీ, కాలేజీల పట్టింపు మీదే ఉంటుంది.

కొంత మార్పు 2021లో వచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను కూడా తన జాబితాలో చేర్చింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఇంకా కచ్చితంగా ఉంది: సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే పీజీ మీద పర్యవేక్షణతో కూడిన రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. అంటే ఆస్పత్రి వైపు నిబంధనలు బిగిశాయి. బస్తీ, హోం, జిల్లా బాలల పరిరక్షణ విభాగం వైపు అంత బిగువు లేదు. బీఎస్‌డబ్ల్యూ పూర్తిచేసినవారు ఎక్కువగా వెళ్లేది ఈ రెండో వైపే.

బయటి దేశాల్లో? అమెరికాలో గుర్తింపు పొందిన బీఎస్‌డబ్ల్యూకి కనీసం 400 గంటల ఫీల్డ్‌వర్క్ ఉండాలి. ఇంగ్లండ్‌లో, నైపుణ్య తరగతులు కలుపుకొని, 200 రోజుల ఆచరణాత్మక శిక్షణ ఉంటుంది. అక్కడ రిజిస్ట్రేషన్ లేనివారు సోషల్ వర్కర్‌నని చెప్పుకోవడం చట్టవిరుద్ధం. అంతర్జాతీయ వృత్తి సంఘాలు 2020లో సవరించిన ప్రమాణాల్లో, మొత్తం చదువులో కనీసం నాలుగో వంతు ఫీల్డ్‌లో జరగాలన్నాయి.

ఇప్పుడే ఎందుకు?

డిగ్రీ చదువులు మారుతున్నాయి. జాతీయ విద్యా విధానం 2020 నాలుగేళ్ల డిగ్రీకి, ఇంటర్న్‌షిప్‌లకు దారి తీసింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ప్రవేశపెట్టింది. కామర్స్, కంప్యూటర్స్ విద్యార్థులు ఫారాలతో ఇంటింటికీ వెళ్లడం మీరు చూసే ఉంటారు. సమాజాన్ని చూడటానికి అది మంచిదే. ఒక కుటుంబం భవిష్యత్తు మీద సిఫారసు రాయడానికి అది సరిపోదు. రెంటినీ ఒకే ‘ఇంటర్న్‌షిప్’ గాటన కట్టేస్తే సోషల్ వర్క్ ఫీల్డ్‌వర్క్ కూడా సర్వే స్థాయికి దిగిపోయే ప్రమాదం ఉంది. రోజులు పెంచడం తేలిక, ఒక ఉత్తర్వు చాలు. సూపర్‌వైజర్లను పెంచాలంటే డబ్బు కావాలి.

మీరు ఏం అడగొచ్చు?

మీ అబ్బాయో అమ్మాయో బీఎస్‌డబ్ల్యూలో చేరతానంటే, ఫీజు, ప్లేస్‌మెంట్లతో పాటు ఇవి కూడా అడగండి:

- వారానికి ఫీల్డ్‌వర్క్ ఎన్ని గంటలు? ఏ సంస్థల్లో?
- ఒక్కో అధ్యాపకుడి కింద ఎంతమంది విద్యార్థులు?
- ఫీల్డ్‌వర్క్ రికార్డులు ఎవరు దిద్దుతారు? వారం వారం చర్చ జరుగుతుందా?
- విద్యార్థినులు బస్తీలకు ఒంటరిగా వెళ్తారా? ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?
- ప్రయాణ ఖర్చు ఎవరిది? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం కొంత ఊరట. అబ్బాయిల ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి.

మీ ఇంటికే సోషల్ వర్క్ విద్యార్థి వస్తే గుర్తింపు కార్డు, సూపర్‌వైజర్ పేరు అడగండి. మీరు చెప్పే విషయాలు ఎక్కడికి వెళ్తాయో అడగండి. ఇష్టం లేకపోతే మాట్లాడనని చెప్పొచ్చు. బాగా శిక్షణ పొందిన విద్యార్థి ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

మీరు స్కూలో, ఆస్పత్రో, స్వచ్ఛంద సంస్థో నడుపుతుంటే, విద్యార్థులను తీసుకునే ముందు వాళ్లతో వారానికి ఒక గంట కూర్చునే మనిషి మీ దగ్గర ఉన్నారో లేదో చూసుకోండి. లేకపోతే తక్కువ మందిని తీసుకోవడమే మేలు.

మళ్లీ ఆ పదకొండేళ్ల పిల్లాడి దగ్గరికి వద్దాం. రిపోర్టు చదివే కమిటీ సభ్యులు ఆ ఇంటిని స్వయంగా చూసి ఉండరు. అమ్మమ్మ ఉన్న వీధి ఎక్కడో వారికి తెలియదు. ఎన్నో ఏళ్ల క్రితం ఎవరో ఒక టీచర్ ఓ విద్యార్థిని "ఎన్నింటికి వెళ్లావు?" అని అడిగి ఉంటేనే, ఈ రోజు అమ్మమ్మ పేరు ఆ కాగితంలో ఉంటుంది.