తండా పిల్లగాడంటే విల్లేనా?

ఆదివారం బొంగులూరు రూంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడినం. నేను యోధుణ్ని. "తండా పిల్లగానివి, విల్లు తీసుకో" అన్నరు. నవ్విన గానీ మనసుకు తగిలింది. (ఏకలవ్యుడి బొటనవేలు పోయినా, మనకింకా విల్లేనా?)

మేం ఆడేది 1989 రూల్సు. అందులో యోధుడు ఒక్క ఆయుధంలోనే ప్రత్యేక నైపుణ్యం తీసుకోవచ్చు. కత్తి రాసుకుంటే గురికి 1, దెబ్బకు 2 అదనం. ఆ కత్తి పోయి గొడ్డలి చేతికొస్తే ఆ లాభం సున్నా. అట్ల కట్టిపడేసే ఎంపికను పక్కోడు ఎట్ల చేస్తడు?

2014 రూల్సు నయం. పెద్ద ఆయుధాల పద్ధతి నేర్చినోడికి రెండు చేతుల కత్తైనా, పెద్ద గొడ్డలైనా ఒకటే: దెబ్బ పాచికల మీద 1, 2 పడితే మళ్లీ వేసుకోవచ్చు. వచ్చే ఆదివారం వాటితోనే ఆడదామని అడుగుత. ఒప్పుకోకున్నా నా కాగితం మీద గొడ్డలే రాస్త.