మొక్కు ఎవరిది, తీర్చేది ఎవరు?

ఆకలి, నిద్ర, భయం, మైథునం. ఈ నాలుగూ మనిషికీ పశువుకీ ఒకటేననీ, ధర్మం ఒక్కటే మనిషికి అదనమనీ, అది లేనివాడు పశువుతో సమానమనీ చెప్పే సంస్కృత శ్లోకం ఒకటుంది. ప్రవచనాలు చెప్పేవాళ్లకు అది కంఠస్థం. మన హేతువాద మిత్రులు దాన్నే తిరగేసి అడుగుతారు: కుక్కకు లేని మతం, కోతికి లేని మతం మనిషికెందుకు? అవి మతం లేకుండా హాయిగా బతకడం లేదా?

ఒకరేమో మతం వల్ల మనిషి పశువుకంటే ఎక్కువయ్యాడంటారు. ఇంకొకరు మతం వల్లే తక్కువయ్యాడంటారు. ఇద్దరూ 'మనిషి' అనే మాటను ఒకే ముద్ద చేసి వాడుతున్నారు. ఏ మనిషి? ఊళ్లో మనిషా, వాడలో మనిషా? మొక్కుకున్న మనిషా, మొక్కు కింద చెల్లిపోయిన మనిషా? ఈ వారం ఆ ప్రశ్నను మన నగరి, పుత్తూరు, సత్యవేడు పల్లెల్లో నిలబడి అడుగుదాం.

ముందు జంతువుల సంగతి చూద్దాం. భయం వల్ల మతం పుట్టిందని చాలామంది తేలిగ్గా చెప్పేస్తారు. ఉరుముకు భయపడ్డాడు, దేవుణ్ణి కనిపెట్టాడు, అయిపోయింది. ఉరుముకు కుక్క కూడా భయపడుతుంది. మంచం కింద దూరుతుంది. ఉరుము ఆగాక బయటికొచ్చి తోక ఊపుతుంది. గుడి కట్టదు. కాబట్టి భయం ఒక్కటే చాలదు.

చావు తెలియడం వల్లనా? చచ్చిన ఏనుగుల పుర్రెల దగ్గర, దంతాల దగ్గర బతికున్న ఏనుగులు ఆగి తొండంతో తడుముతాయని కెన్యాలోని అంబోసెలిలో చేసిన పరిశోధనలు చూపించాయి. పోనీ, గుడ్డి అలవాటు వల్లనా? 1948లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఆకలిగొన్న పావురాలను పెట్టెల్లో ఉంచి, అవి ఏం చేసినా చేయకపోయినా కొంత సమయానికోసారి మేత అందేట్టు ఏర్పాటు చేశాడు. ఎనిమిది పావురాల్లో ఆరు ఏదో ఒక తంతు పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగింది. ఒకటి పెట్టె మూలకు తల విసిరింది. తాము చేసిన పని వల్లే మేత వచ్చిందన్నట్టు మళ్లీ మళ్లీ అదే చేశాయి. పశ్చిమ ఆఫ్రికాలో కొన్ని చింపాంజీ గుంపులు అవే చెట్లకు పదేపదే రాళ్లు విసిరి అక్కడ కుప్ప పోగేస్తాయని 2016లో పరిశోధకులు ప్రకటించారు.

అంటే భయముంది, దుఃఖముంది, తంతు కూడా ఉంది. జంతువులో లేనిది ఒకటే. మొక్కు.

పావురం గుండ్రంగా తిరగగలదు. "ఈ గండం గడిస్తే వచ్చే జాతరకు నా పిల్లను నీకిస్తాను" అనలేదు. ఆ మాట అనాలంటే భాష కావాలి. కళ్లెదుట లేనివాళ్లతో మాట్లాడగలగాలి. ఇంకా రాని రోజును ఇవాళే తాకట్టు పెట్టగలగాలి. ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుందో కథగా చెప్పి తర్వాతి తరాన్ని కట్టెయ్యగలగాలి. మతం మనిషికి మాత్రమే ఉండడానికి కారణం ఇదేనని నా వాదన. మనిషి మాటిచ్చే జంతువు. ఒకరిచ్చిన మాటను ఇంకొకరి ఒంటితో చెల్లించగల జంతువు కూడా.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి కాసేపు మాటల్లోకి వెళ్తాను. మొక్కు 'తీరుస్తాం'. అప్పు కూడా 'తీరుస్తాం'. తెలుగులో ఆ రెండింటికీ ఒకటే క్రియ. మొక్కుబడి అనే మాట చూడండి. రాబడి, దిగుబడి, పెట్టుబడి, మొక్కుబడి. లెక్కల పుస్తకంలో పక్కపక్కన రాసుకోదగ్గ మాటలివి. పసుపు గుడ్డలో కట్టి దేవుడికి దాచిన ముడుపు, ఆఫీసులో బల్ల కింద చేతులు మారే ముడుపు ఒకటే మాట. మన భాష ఎప్పుడో కనిపెట్టేసింది: ఈ నేల మీద భక్తి అప్పు భాషలోనే నడుస్తుంది. తిరుమల వేంకటేశ్వరుడే పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, భక్తుల కానుకలతో వడ్డీ కడుతున్నాడనీ కదా మన జిల్లాల్లో పిల్లలు వినే కథ.

అప్పు అన్నాక తాకట్టు ఉంటుంది. ఉన్నవాడు హుండీలో నోట్లు వేస్తాడు. అవి అతనికి మిగిలినవే. తలనీలాలు ఇస్తారు, మళ్లీ మొలుస్తాయి. కోడినో మేకనో ఇస్తారు, కూర వండుకుంటారు. ఇవేవీ లేని అరుంధతివాడ తల్లి ఏమివ్వాలి? బిడ్డకు జ్వరం తగ్గదు. ఆస్పత్రికి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీకి ఎవరినో అడగాలి. ఆమె మాతమ్మ గుడి ముందు నిలబడి అంటుంది: "బిడ్డను బతికించు తల్లీ, నీకే వదిలేస్తా." ఆమె చేతిలో ఉన్న ఆస్తి ఆ బిడ్డే. బతికించమని అడిగిందీ ఆ బిడ్డనే, తాకట్టు పెట్టిందీ ఆ బిడ్డనే.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో దీన్నే మాతమ్మ ఆచారం అంటున్నాం. జబ్బు తగ్గిన పిల్లను గుడికి తీసుకెళ్లి దేవత పేరున పసుపుతాడు కడతారు. ఆ పిల్ల పేరే మాతమ్మ అయిపోతుంది. పెద్దమనిషి అయ్యాక ఆమెకు పెళ్లి లేదు. జాతరలో ఆడాలి. ఆమె ఎవరి భార్యా కాదు కాబట్టి ఎవడైనా తలుపు తట్టొచ్చునని ఊరు అనుకుంటుంది. వాడలో మగవాళ్లూ అలాగే అనుకుంటారు, ఆ మాట మనం దాచకూడదు. ఆమెకు పుట్టిన పిల్లలు బడిలో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి పేరు గడి దగ్గర ఆగిపోతారు. వయసు మళ్లాక ఆమె మళ్లీ కూలికే పోతుంది. అప్పటికి ఏ దేవతా అడగదు, ఏ మగాడూ అడగడు.

జాతరలో మేకను కొట్టేముందు దాని మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిల్చేదాకా ఆగుతారు. విదిలిస్తే ఒప్పుకున్నట్టు. అది ఉత్త బూటకమే, ఒళ్లు తడిస్తే ఏ మేకైనా విదిలిస్తుంది. కానీ మేకను కూడా అడిగినట్టు నటించాలని మనిషికి తోచింది చూడండి. ఆరేళ్ల ఆడపిల్ల విషయంలో ఆ నటన కూడా లేదు. మతం లేని జంతువులున్నాయా అని అడిగేవాళ్లకు నా జవాబిది: మతం లేకపోయినా దాని ఖర్చు భరించే జంతువులున్నాయి. ఆ వరసలో మేక పక్కన మన పిల్లను కూడా నిలబెట్టారు.

ఇక్కడ ఇద్దరు నాతో గొడవకొస్తారు.

మొదటివారు అంటారు: "ఇది మీ వాడ మూఢనమ్మకం. మా మతానికి సంబంధం లేదు." బాగుంది. మొక్కుకుంటే పని జరుగుతుందని, మాట తప్పితే కీడు జరుగుతుందని వాడకు నేర్పిందెవరు? కొండ మీదా అదే వ్యాకరణం, వాడలోనూ అదే వ్యాకరణం. తేడా చెల్లించే నాణెంలో ఉంది. పైగా ఆ నాణెం ఖర్చయ్యేది ఊరి మగవాళ్ల సుఖానికి. లాభం తీసుకునేటప్పుడు లేని దూరం బాధ్యత దగ్గర ఎక్కణ్ణుంచి వచ్చింది?

రెండోవారు మనవాళ్లే. "మాతమ్మ మన దేవత, మన సంస్కృతి, బ్రాహ్మణ మతానికి ఎదురు నిలిచిన తల్లి" అంటారు. తల్లి మనదే, కాదనను. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి వెంటాడి చంపిన తిరుపతి గంగమ్మ కథ కూడా ఈ నేలదే. చేతిలో కత్తి లేనివాళ్లు కథలో కత్తి పట్టుకున్నారు. ఆ ఊహాశక్తి గొప్పది, ఏ జంతువుకూ లేనిది. కానీ పాలెగాణ్ణి చంపిన దేవత పేరు చెప్పుకునే సీమలోనే ఒక ఆడబిడ్డను ఊరుమ్మడి చేస్తే, మనం కథను నిలబెట్టి దేవతను ఓడించినట్టు. సంస్కృతి అంటే పాత మొక్కులన్నీ మోయడం కాదు.

చట్టం లేకనా? నగరి మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1947లో, దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1960లో సరిహద్దు గీత మారి తిరుత్తణి తమిళనాడు వైపు వెళ్లింది. మొక్కు గీతకు రెండు వైపులా అలాగే మిగిలింది. 1988లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం తాను చేసుకుంది. ఆడపిల్లను దేవతకు అంకితం చేయడం నేరం. 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ మాతమ్మ ఆచారం మీద తమిళనాడుకూ ఆంధ్రప్రదేశ్‌కూ కలిపి నోటీసులిచ్చింది. అంటే నిషేధించిన 70 ఏళ్లకు కూడా నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. చట్టం పసుపుతాడును చూసింది. ఆ తల్లి చేతిలో లేని బస్సు చార్జీని చూడలేదు.

మళ్లీ ఆ శ్లోకం దగ్గరికొద్దాం. ధర్మం లేనివాడు పశువుతో సమానమట. 1941లో జాషువా 'గబ్బిలం' రాశాడు. అందులో అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పుకోవాలి. గుళ్లోకి తాను పోలేడు. గబ్బిలం పోగలదు. అందుకే గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ నీళ్లు పశువులు తాగితే ఎవరికీ అభ్యంతరం లేదు, అంటరానివాళ్లు తాగితే చెరువు మైలపడింది. వాళ్ల ధర్మం మనల్ని పశువుతో సమానంగా కూడా చూడలేదు. సమానమైతే నీళ్లన్నా దొరికేవి. కాబట్టి ఆ శ్లోకాన్ని మనకు ఇంకెవరూ వినిపించొద్దు.

అలాగని హేతువాద మిత్రులతో కలిసి "జంతువులే నయం" అని నేను అనను. జంతువుకు మతం లేదు నిజమే. మాటా లేదు, తిరుగుబాటూ లేదు. మేక జాతరను బహిష్కరించలేదు. మొక్కును పుట్టించిన శక్తే మొక్కును రద్దు చేయగల శక్తి కూడా. అది మనిషికే ఉంది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షల మందితో ఏం చేయించారో గుర్తు చేసుకోండి. మొక్కు మొక్కించలేదు. 22 ప్రతిజ్ఞలు చేయించారు. మొక్కుకూ ప్రతిజ్ఞకూ తేడా తెలుసుకుంటే చాలు, ఈ వ్యాసం మరిచిపోయినా పర్లేదు. మొక్కులో నాకేదో కావాలి, దానికి ఇంకొకరు చెల్లించొచ్చు. ప్రతిజ్ఞలో చెల్లించేది నేనే. నా నడత, నా నోరు, నా చెయ్యి. బేరం లేదు, తాకట్టు లేదు. ఏ తల్లీ తన బిడ్డ తరఫున ప్రతిజ్ఞ చేసి ఆ బిడ్డ ఒంటిని అప్పగించలేదు. మనిషి మాటిచ్చే జంతువే అయితే, ఆ మాట మనిషికే ఇవ్వాలన్నది ఆ రోజు జరిగిన పని.

విద్యార్థి మిత్రులారా, మీకు నాలుగు పనులు. వాడలో ఆడపిల్లకు జ్వరం తగ్గలేదని తెలిస్తే ఆ తల్లికి ఉపన్యాసం ఇవ్వకండి, బండి తీసుకెళ్లి ఆస్పత్రికి చేర్చండి. మొక్కు పుట్టేది ఆ రాత్రే. జాతరకు ముందే తహసీల్దారుకూ పోలీసులకూ 1988 చట్టం ఉటంకిస్తూ అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. మాతమ్మల పిల్లలకు తల్లి పేరుతోనే చేర్పులు, సర్టిఫికెట్లు ఇమ్మని బళ్ల మీద ఒత్తిడి పెట్టండి. అంకితమైన అక్కలను 'మాతమ్మ' అనకండి. వాళ్లకు తల్లిదండ్రులు పెట్టిన పేర్లున్నాయి. ఆ పేరు అడిగి, అక్కా అని చేర్చి పిలవండి.

జై భీమ్.