ప్రయోగమూ మన సంప్రదాయమే

ఈ సంచికను వంటింటి ప్రయోగాలకు కేటాయించాం. జొన్నపిండి దోసె, బీట్‌రూట్ పచ్చడి, పుదీనా పానకం అనగానే ‘మన వంటలు పాడైపోతున్నాయి’ అనేవాళ్లు ఉంటారు. అసలు మన వంట అని దేన్ని అంటున్నాం? మిరప, టమాటా, బంగాళాదుంప, మూడూ అమెరికా ఖండాల పంటలే. 1498లో వాస్కోడగామా కాలికట్ తీరం చేరాక, పోర్చుగీసు ఓడల దారిలో మిరప ఇక్కడికొచ్చింది. అంతకుముందు కూరకు ఘాటు ప్రధానంగా మిరియాలతోనే. ఇవాళ గుంటూరు కారం లేని ఆవకాయను ఊహించలేం. ఏ రాజాజ్ఞా దాన్ని జాడీకెక్కించలేదు. కొత్త కాయను పాత పోపులో వేసి చూసిన, పేరు తెలియని ఇంటి వంటగత్తెల చలవే అది.

ప్రయోగాల పేరిట సరుకు దండగ, ఆరోగ్యానికి ముప్పు అన్న అభ్యంతరాన్ని మాత్రం కొట్టిపారేయలేం. ఆవకాయలో ఉప్పు రుచికే కాదు. ముక్కలోని నీటిని లాగి బూజును ఆపుతుంది. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. రక్తపోటుకు భయపడి ఉప్పు సగం చేస్తే ఆ జాడీ ఏడాది నిలవదు; ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి. అదే పులిహోరలో చింతపండు బదులు దబ్బ, నిమ్మ, మామిడి ఏది వేసినా ఇబ్బంది లేదు. నిమ్మరసం మాత్రం పొయ్యి మీంచి దించాకే కలపాలి, లేదంటే చేదెక్కుతుంది. అంటే ప్రయోగానికి తెగువ ఒక్కటే చాలదు, ఏ దినుసు ఏ పని చేస్తోందో తెలియాలి. అందుకే ఈ సంచికలో ప్రతి వంటకం కింద ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో విడిగా ఇచ్చాం. ముందు గుప్పెడు కొలతతో చేసి చూడండి. కుదిరితే పండక్కి వడ్డించండి.